ఆ విధవరాలి రెండు కాసులు

సంపాదకుడు గారికి,

మార్క్సిస్టులు బైబిల్ చదవడమంటే అందులోకి రాజకీయాలు దూర్చడమేనని గత ఆదివారం మీ అనుబంధంలో ఒక వ్యాసం వచ్చింది. కొత్తగా దూర్చక్కర్లేదండీ, అందులో ఉన్నవే బోలెడు.

మార్కు సువార్త 12వ అధ్యాయం చివర బీద విధవరాలు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన సంగతి చర్చికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు, కానుకల గురించి ప్రసంగం వచ్చిందంటే ముందు ఆవిణ్ణే చూపిస్తారు. దానికి సరిగ్గా ముందున్న 40వ వచనం మాత్రం ఎత్తరు. శాస్త్రులు, అంటే యూదుల ధర్మశాస్త్రం బోధించేవాళ్లు, విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతున్నారని యేసు అక్కడ మండిపడతాడు. ఆ వెంటనే ఒక విధవరాలు వచ్చి తన జీవనమంతా ఆ దేవాలయం పెట్టెలోనే వేసేస్తుంది. అందరికంటే ఎక్కువ వేసింది ఈవిడేనంటాడు గానీ మీరూ అలాగే వెయ్యండని ఆయన అనలేదు, పైగా బయటికొస్తూ ఈ కట్టడంలో రాతి మీద రాయి నిలవదంటాడు. మూడూ కలిపి చదివితే అది మెచ్చుకోలా, కడుపుమంటా? చివరి ముక్క 13వ అధ్యాయంలోకి పోయింది కాబట్టి లింకు తెగినట్టు కనిపిస్తుంది, కానీ ఆ అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో జరిగింది, మార్కు చేసింది కాదు. సొమ్ము ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతోందని అడగడం మార్క్సిస్టు పఠనంలో మొదటి పని. పోర్చుగల్‌కి చెందిన ఫెర్నాండో బెలో 1974లో మార్కు సువార్త మొత్తాన్నీ ఈ దారిలోనే చదివి పుస్తకం తెచ్చాడు.

అలాగని ఆది సంఘం, అంటే యేసు తర్వాత ఏర్పడ్డ తొలి క్రైస్తవ సమాజం, అచ్చమైన కమ్యూనిజమేనని మీటింగుల్లో ఊదరగొట్టేవాళ్లతోనూ నాకు పేచీయే. బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో విశ్వాసులు పొలాలు అమ్మి పంచుకున్నారు, నిజమే. అది తినేదాంట్లో పంపకమే తప్ప పండించేదాంట్లో కాదని మార్క్సిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్ 1905లోనే తేల్చింది. అమ్మిన పొలాన్ని ఎవరో ఒకరు కొనే ఉంటారు కదా, అందులో పనిచేసే కూలీ బతుకేమీ మారలేదు. ఇక అపొస్తలుడు పౌలు, పారిపోయిన బానిస ఒనేసిముని యజమాని ఫిలేమోను దగ్గరికే తిప్పి పంపాడు, సహోదరుడిలా చూసుకోమని చీటీ రాసిచ్చి మరీ.

బైబిల్లోనే ఉన్న యాకోబు పత్రిక, అంటే యాకోబు ఉత్తరం, 5వ అధ్యాయంలో ధనవంతుల్ని పట్టుకుని, మీ చేలు కోసినవాళ్లకి ఇవ్వకుండా మోసంగా బిగపట్టిన కూలి మొరపెడుతోంది అని ఉంది. దీన్ని రాజకీయాలు లేకుండా ఎలా చదవాలో మీ వ్యాసకర్తని ఇంకో ఆదివారం రాయమనండి, చదువుతాను.

— మీ పాఠకుడు, తెనాలి