సెల్‌ఫోన్ డ్రైవింగ్: చలానా బండికి పడుతోంది, లైసెన్సుకు ఎప్పుడు?

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఫోను పట్టుకొని బండి నడిపేవాళ్ళ లైసెన్సులు సస్పెండ్ చేయాలని ఇచ్చిన వినతిపత్రాలకు రసీదులైతే చేతికొచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఏం చెబుతుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2019 సవరణ తర్వాత ఫోను చేత్తో పట్టుకొని బండి నడపడం ప్రమాదకర డ్రైవింగే. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే 10,000 జరిమానా, లేదా రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు సస్పెండ్ చేయదగ్గ పనుల జాబితాలో కేంద్ర మోటారు వాహనాల 21వ నియమం ఫోను వాడకాన్నీ చేర్చింది. కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఇంత ఉండీ ఫోను పట్టుకున్నవాడు తన లైసెన్సు పోతుందని ఎందుకు భయపడటం లేదు?

చలానా ప్రయాణం చూడండి. కూడలిలో కానిస్టేబుల్ కెమెరాతో ఫొటో తీస్తాడు. వెనక నుంచి తీసిన ఫొటోలో నంబరు ప్లేటు ఉంటుంది, హెల్మెట్‌లో చెంపకు ఇరికించిన ఫోను అంచు ఉంటుంది, మొహం ఉండదు. నంబరును బట్టి యజమాని పేరు తీసి, ఆ పేరు మీద చలానా వేస్తారు. నడిపింది యజమానా, తమ్ముడా, జీతానికి పెట్టుకున్న డ్రైవరా అన్నది ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. డబ్బు కట్టగానే అది మాయమవుతుంది. 184 కింద నేరం నడిపినవాడిది కదా! ఎవరు నడిపారో చెప్పే బాధ్యతను 133వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది. చలానాతో పాటు ఆ సెక్షన్ కింద నోటీసు కూడా పంపితే లైసెన్సు నంబరు బయటికొస్తుంది. ఆ నంబరు లేకుండా ఆర్టీఏ (లైసెన్సులు ఇచ్చే రవాణా శాఖ కార్యాలయం) అధికారి ఎవరిని పిలుస్తాడు? 19వ సెక్షన్ ప్రకారం సస్పెండ్ చేసే ముందు లైసెన్సుదారు వాదన వినాలి. వినడానికి మనిషే తెలియనప్పుడు ఫైలు ఎలా కదులుతుంది?

బండి ఆపి పట్టుకున్నప్పుడైతే ఈ చిక్కూ లేదు. 206వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద లైసెన్సు అక్కడికక్కడే తీసుకొని ఆర్టీఏకు పంపే అధికారం పోలీసుకు ఉంది. తాగి నడిపే 185 నేరమూ, 184 నేరమూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. తాగి దొరికినవాడికి బండి పక్కన పెట్టించడం, కౌన్సెలింగ్, కోర్టు అన్నీ ఉన్నాయి. ఫోనుతో దొరికినవాడికి మాత్రం రసీదు ఇచ్చి పంపేస్తే ఎలా? పోలీసులు హోం శాఖ కింద, ఆర్టీఏ మీ కింద ఉన్నాయి. మధ్యలో కాగితం కదిలించాల్సింది మీరే, మంత్రి గారూ.

అన్నిటికన్నా మమ్మల్ని బాధపెట్టింది రాయితీలు. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం. పార్కింగ్ తప్పునూ ఫోను తప్పునూ ఒకే గాటన కట్టారు. అందిన రోజే పూర్తిగా కట్టినవాడు నష్టపోయాడు, ఏళ్ళ తరబడి కట్టనివాడు లాభపడ్డాడు. ఇంకోసారి తగ్గిస్తారులే అని ఆగేవాళ్ళను ఇక ఎలా తప్పుపట్టగలం?

ఇది ఎంత ప్రాణాంతకమో లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఒక మెసేజ్ చదవడానికి 5 సెకన్లు తల దించితే 80 మీటర్లకు పైగా చూడకుండా నడిపినట్టే. బైకు మీద ఇంకా ఘోరం. ఫోను కుడిచేతిలో ఉంటే యాక్సిలరేటరూ ముందు బ్రేకూ పోయినట్టే, ఎడమచేతిలో ఉంటే క్లచ్ అందదు. హెల్మెట్‌లో ఇరికిస్తే చెవి మూసుకుపోతుంది, హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, ఫోను జారినప్పుడు పట్టుకోవడానికి చెయ్యి తనంతట తానే లేస్తుంది. ఆ క్షణంలోనే హ్యాండిల్ తిరిగిపోతుంది.

కేంద్రం లెక్కల్లో 2022లో రోడ్డు మీద 1,68,491 మంది చనిపోతే, ఫోను వల్ల అని రాసింది 3,395 మందికే. ఫోను పగిలి దూరంగా పడి ఉంటే కారణం గడిలో అతివేగం అని రాసేయడం తేలిక. ప్రాణం పోయిన ప్రతి కేసులోనూ ప్రమాద సమయానికి ఫోను వాడుకలో ఉందా అని కాల్ రికార్డులు తెప్పించి చూస్తే గానీ అసలు సంఖ్య తెలియదు.

మ్యాపుల సంగతీ తేల్చాలి. దారి చూసుకోవడానికి మాత్రమే, ఏకాగ్రత చెడకుండా, ఫోను వాడవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి నియమం ఉంది. స్టాండుకు బిగించిన ఫోనులో దారి చూసేవాడిని ఆపకూడదు, అదే స్టాండులో వీడియో చూసేవాడిని వదలకూడదు. ఈ తేడా రోడ్డు మీద నిలబడే కానిస్టేబుల్‌కు రాతపూర్వకంగా అందాలి. డెలివరీ కుర్రాళ్ళ గురించి దయచేసి ఒక్క క్షణం ఆలోచించండి. ఆర్డరు మోగిన కొన్ని సెకన్లలో నొక్కకపోతే అది ఇంకొకరికి పోతుంది. బండి కదులుతోందని ఫోనులోని జీపీఎస్‌కు తెలుసు. కదులుతున్నంతసేపు ఆర్డరు మోగించకూడదని కంపెనీలకు షరతు పెట్టండి. శిక్ష ఆ కుర్రాడికి, లాభం కంపెనీకి అన్నది న్యాయం కాదు.

అయ్యా, కొత్త చట్టం అడగడం లేదు. 184 చలానాతో పాటు 133 నోటీసు వెళ్ళేలా, బండి ఆపి పట్టుకున్న లైసెన్సు ఆర్టీఏకు చేరేలా హోం శాఖతో కలిసి ఉత్తర్వులివ్వండి. మళ్ళీ ఎప్పుడైనా రాయితీ ఇచ్చేటట్టయితే 184 చలానాలను అందులోంచి తీసేయండి. సస్పెండ్ చేసిన లైసెన్సుల సంఖ్యను జిల్లాలవారీగా ప్రతి నెలా బయటపెట్టండి. ఈసారైనా జవాబు ఇప్పించమని చేతులు జోడించి వేడుకుంటున్నాం.

భవదీయులు,
రోజూ ఈ రోడ్ల మీద తిరిగే పౌరులు