214 తాళంచెవి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తిట్టుకో. అమ్మ కులాసా. చంటిదానికి నడక వచ్చింది. ఇక అసలు సంగతి విను, చెప్పక కడుపు ఉబ్బిపోతోంది.

మా గేట్‌వే పెట్టె (నెట్‌వర్కుల మధ్య డేటా చేరవేసేది) మూడు రోజులకోసారి దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఏం జరుగుతోందో చూద్దామని కోడ్‌లో ప్రింట్‌ఎఫ్ లైన్లు పెడితే బుద్ధిగా ఉండేది, తీసేస్తే మళ్ళీ మొదలు. పన్నెండు రాత్రులురా! తీరా చూస్తే, సెలవులయ్యాక నువ్వు పాత తాళంచెవితో హాస్టల్ 214వ గదిలో దూరిన కథే. కనెక్షన్ మూసి మెమరీ ఫ్రీ చేశాం, దాని టైమర్ ఆపడం మరిచాం. అది మోగి పాత పాయింటర్ (మెమరీలో చిరునామా) పట్టుకుని వెళ్ళేసరికి అక్కడ ఇంకెవరి ప్యాకెట్టో పడుకుని ఉంది. ఆ రోజు ఆ గదిలో పడుకున్న వార్డెన్ బావమరిది వేసిన కేక గుర్తొచ్చి ల్యాబ్‌లో ఒక్కణ్ణే నవ్వుకున్నా.

సీ భాషలో ఉన్న ఆ ముక్కని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాశా. చేతివాటం కొద్దీ మళ్ళీ అదే తప్పు చేస్తే, కోడ్‌ని నడిపే ముందే సరిచూసే కంపైలర్ అక్కడే ఆపేసింది, నువ్వు అరువు తెచ్చుకున్నది అంతసేపు బతకదు పొమ్మని! దాన్ని ఒప్పించడానికి మూడు రోజులు కుస్తీ పట్టాననుకో, అది వేరే.

మా లీడ్ గారేమో "సీ వచ్చినవాడు జాగ్రత్తగా రాస్తే చాలదా" అంటారు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపమున్న కోడ్ రాసినవాళ్ళకి సీ రాదా? అవతలివాడు చెప్పిన పొడవు నమ్మి, వచ్చిందెంతో చూసుకోకుండా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పక్క మెమరీలోంచి 64 కేబీ దాకా తీసి ఇచ్చేసేది. రస్ట్‌లో మామూలుగా రాస్తే హద్దు దాటగానే పానిక్, అంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. సర్వీసు పడిపోతుంది, నిజమే. గుట్టు మాత్రం బయటపడదు.

అయితే నా గర్వం సోమవారం దాకానే. అడ్మిన్ కానివాణ్ణి ఆపాల్సిన చోట 'కాదు' అని చెప్పే ఒక్క ఆశ్చర్యార్థకం (!) మర్చిపోయి అడ్మిన్‌నే ఆపా, మిగతా ఊరంతటికీ తలుపులు తెరిచా. కంపైలర్ కిక్కురుమనలేదు. టెస్టింగ్ అమ్మాయి పట్టుకుంది కాబట్టి బతికా. పైగా హార్డ్‌వేర్ రిజిస్టర్లు ముట్టుకునే చోట అన్‌సేఫ్ అని, అంటే ఇక్కడ జాగ్రత్త నాదే అని, రాయక తప్పదు. తొమ్మిది చోట్లే గనక ఈసారి ఎక్కడ వెతకాలో తెలుసు.

మా కుర్రాడొకడు పాత కోడంతా మార్చేద్దామని గంతులేస్తున్నాడు. వద్దన్నా. ఆండ్రాయిడ్ వాళ్ళు కూడా పాతదాని జోలికి పెద్దగా పోలేదురా. కొత్తది రస్ట్‌లాంటి భాషల్లో రాస్తూ పోయారంతే. వాళ్ళ భద్రతా లోపాల్లో మెమరీ తప్పుల వాటా 2019లో 76 శాతం, 2024కి 24. పాత కోడ్‌లో తప్పులు ఏళ్ళు గడిచేకొద్దీ దొరికి తగ్గుతాయి, కొత్తగా రాసిందే... అరే, కింద క్యాబ్ హారన్ కొడుతున్నాడు. నీ మోకాలి సంగతి రాయి. మిగతాది