ప్రసార భారతికి స్వేచ్ఛ వచ్చేసిందని మీకెవరు చెప్పారండీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ అనుబంధంలో ఆకాశవాణి, దూరదర్శన్ చరిత్ర అని రెండు పేజీల నిండా వేశారు కదా, దాని గురించి రాస్తున్నా, ముఖ్యంగా ఆ రెండింటినీ నడిపే ప్రసార భారతి సంస్థకి 1997లో స్వయంప్రతిపత్తి లభించిందన్న చివరి పేరా గురించి. చదివిన రోజే రాద్దామనుకున్నా, కోపం తగ్గాక రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందని ఆగా. తగ్గలేదు.

ఫొటోలు బాగున్నాయి, కాదనను. పాత వాల్వ్ రేడియో, తలుపులున్న టీవీ పెట్టె, డాబా ఎక్కి యాంటెన్నా తిప్పే కుర్రాడు, అన్నీ పెట్టారు. రాత దగ్గరికొచ్చేసరికి 1927 జూలై 23న బొంబాయిలో ఓ ప్రైవేటు కంపెనీ రేడియో మొదలు, మరుసటి నెల కలకత్తా, 1930లో ఆ కంపెనీ మూతపడితే సర్కారు తీసుకుంది, 1936లో ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు, 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో టీవీ, 1982లో ఏషియన్ గేమ్స్ పుణ్యమా అని కలర్, తర్వాత ఆదివారం పొద్దున పౌరాణిక సీరియల్, రోడ్లన్నీ ఖాళీ. అయిపోయింది. ఢిల్లీ నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి మళ్లీ ఢిల్లీకి. తెలుగు పేపర్లో తెలుగువాళ్ల కోసం వేసిన వ్యాసం అండీ ఇది! విజయవాడ అన్న మాట వెతికినా దొరకలేదు. హైదరాబాద్ ఒక్కసారి వచ్చింది, అదీ 1977లో దూరదర్శన్ కేంద్రం పెట్టారని ఓ ముక్క.

ఆల్ ఇండియా రేడియో అనే పేరు పుట్టకముందే 1935లో హైదరాబాద్‌లో నిజాం సర్కారు డెక్కన్ రేడియో నడిపింది. 1948 సెప్టెంబర్ 17న నిజాం గారు లొంగిపోతున్నట్టు జనానికి చెప్పుకుంది రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న దాన్ని ఆల్ ఇండియా రేడియోలో కలిపారు. ఇటు కోస్తావాళ్లకి 1938లో పెట్టిన మద్రాసు కేంద్రమే దిక్కు, సొంతంగా విజయవాడ వచ్చింది 1948 డిసెంబర్ 1న. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళి గారు పనిచేసిన చోటు అది. పొద్దున్నే భక్తిరంజని, ఉషశ్రీ గారి గొంతులో రామాయణ భారతాలు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నాటకం. అటు హైదరాబాద్ నుంచి రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం, కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం. ఢిల్లీలో కూర్చుని తెలుగులో వార్తలు చదివిన జోలెపాళెం మంగమ్మ గారి గురించి రెండు లైన్లు రాయడానికి మీ రెండు పేజీల్లో చోటు లేదా? ప్రాంప్టర్ లేని రోజుల్లో దూరదర్శన్‌లో కాగితం చూసి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు 2024లో పోతే మీరే మొదటి పేజీలో ఫొటో వేశారు, అప్పుడే మర్చిపోయారా? 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఉపగ్రహం పట్టుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకి టీవీ చూపించారు, అందులో మన పల్లెలు కూడా ఉన్నాయి. కరెంటే సరిగ్గా లేని ఊళ్లో జనం నేల మీద కూర్చుని తెలుగులో వ్యవసాయం గురించి టీవీ చూశారు. ఇది చరిత్ర కాదా, సీరియల్‌కి రోడ్లు ఖాళీ అవ్వడమేనా చరిత్ర?

సరే, ఇవన్నీ వదిలేసే పెద్దమనసు నాకుంది. ఆకాశవాణి పేరు టాగోర్ గారు పెట్టారని రాశారు, అదీ తప్పే. మైసూరులో గోపాలస్వామి అనే ప్రొఫెసర్ గారు 1935లో ఇంట్లో రేడియో స్టేషన్ పెట్టుకుని దానికి ఆ పేరు వాడారు, అక్కడి నుంచే దేశానికి వచ్చింది. ఇది కూడా వదిలేస్తా. నాకు ఒళ్లు మండింది మాత్రం చివరి పేరా చూసి. "1997లో ప్రసార భారతి ఏర్పాటుతో స్వయంప్రతిపత్తి లభించింది" అని ముక్తాయించి, కింద గుండ్రంగా లోగో బొమ్మ వేశారు. లభించిందా? ఎవరికండీ?

ఈ స్వయంప్రతిపత్తి గొడవ ఎక్కడ మొదలైందో మీకు తెలియంది కాదు. ఎమర్జెన్సీలో రేడియో ఏం చేసిందో మా వయసు వాళ్లందరికీ గుర్తే. సర్కారు మాట వినలేదని కిశోర్ కుమార్ పాటలు ఆపేశారు. 1977 ఎన్నికలప్పుడు ఢిల్లీలో ప్రతిపక్షాల సభకి జనం వెళ్లకుండా ఆ సాయంత్రం టీవీలో హిట్ సినిమా వేశారు, జనం అయినా వెళ్లారు అది వేరే సంగతి. 1984లో ఇందిరాగాంధీ గారు పోయిన రోజు బీబీసీ వాడు మధ్యాహ్నమే చెప్తే మనవాళ్లు సాయంత్రం దాకా నోరు విప్పలేదు. మన దేశంలో జరిగింది లండన్ నుంచి వినాల్సి రావడం కన్నా సిగ్గుచేటు ఉంటుందా. అంతకుముందు కేస్కర్ గారని ఓ మంత్రి, సినిమా పాటలు వింటే జనం చెడిపోతారని రేడియోలో తీసేస్తే అందరూ సిలోన్ స్టేషన్‌కి తిప్పేశారు, చివరికి దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టారు. సర్కారు చేతిలో మైకు ఉంటే ఇలాగే ఉంటుందని 1978లోనే జనతా సర్కారు వేసిన వర్గీస్ కమిటీ రిపోర్టు ఇచ్చింది, ఆ రిపోర్టు ఏ బీరువాలో ఉందో.

ఇక్కడే అసలు కథ, మీరు ఒక్క ముక్క కూడా రాయని కథ. ప్రసార భారతి బిల్లు పార్లమెంటులో పెట్టింది ఎవరు? వీపీ సింగ్ సర్కారులో సమాచార శాఖ మంత్రి, తెలుగుదేశం నుంచి వెళ్లిన పర్వతనేని ఉపేంద్ర గారు. 1990 సెప్టెంబర్‌లో చట్టం అయింది. తర్వాత సర్కారు పడిపోయింది, చట్టం అటక ఎక్కింది. దాన్ని అటక మీద ఐదేళ్లు కదలకుండా ఉంచింది కూడా మనవాడే, పీవీ గారు. లైసెన్సు రాజ్ ఎత్తేసిన మనిషికి రేడియో మాత్రం సర్కారు చేతిలోనే ముద్దొచ్చింది. ఈలోగా 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో, గాలిలో తరంగాలు సర్కారు సొత్తు కాదు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ తీర్పు రాసిన వాళ్లలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఒకరు, మన హైకోర్టులో జడ్జిగా చేసినాయనే. ఆ తర్వాత 1997 సెప్టెంబర్ 15న చట్టాన్ని అటక దించి అమలులోకి తెచ్చిన మంత్రి ఎవరు? జైపాల్‌రెడ్డి గారు. పెట్టింది తెలుగువాడు, నొక్కింది తెలుగువాడు, తీర్పిచ్చిన వాళ్లలో తెలుగువాడు, బయటికి తీసింది తెలుగువాడు. ఇంత చేతికందిన కథ వదిలేసి యాంటెన్నా తిప్పే కుర్రాడి ఫొటో పావు పేజీ వేశారు.

పోనీ అంత కష్టపడి తెచ్చింది ఏమైంది? ఏడాది తిరక్కుండానే, 1998లో కొత్త సర్కారు ఆర్డినెన్స్ తెచ్చి వయసు పరిమితి పెట్టి మొదటి సీఈవో గిల్ గారిని ఇంటికి పంపింది. సంస్థని గమనించడానికి 22 మంది ఎంపీలతో కమిటీ వేయాలని చట్టంలోనే ఉంది, ఈ రోజు దాకా వేసిన పాపాన పోలేదు. రూల్ రాసుకోవాలంటే కేంద్రం అనుమతి, జీతాలకి కేంద్రం డబ్బు. పాత ఉద్యోగులు రిటైరయ్యేదాకా సర్కారు ఉద్యోగులేనని 2012లో చట్టాన్నే మార్చారు, వాళ్ల భద్రత కోసమే అనుకోండి, తప్పనను, కానీ జీతం ఇచ్చేవాడు ఒకడూ స్వతంత్రంగా ఉండమనేది ఇంకొకడూ అయితే పని ఎలా నడుస్తుంది? 2014లో ప్రసార భారతి మీద సర్కారే వేసిన శామ్ పిట్రోడా కమిటీ ఇవన్నీ విడమర్చి రాసింది. దానికీ ఒక బీరువా దొరికే ఉంటుంది. ఏ పార్టీ వచ్చినా ఇదే తంతు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు స్వయంప్రతిపత్తి గుర్తొస్తుంది, కుర్చీ ఎక్కగానే రాత్రి బులెటిన్‌లో తమ మొహం ఎంతసేపు కనిపించిందో లెక్కపెట్టుకుంటారు.

దీని దెబ్బ తగిలేది ఢిల్లీకి కాదు, మాలాంటి ఊళ్లకి. 2018 డిసెంబర్‌లో ఖర్చు తగ్గించాలని ఒక్క ఆర్డర్‌తో ఆకాశవాణి నేషనల్ ఛానల్ మూసెయ్యమన్నారు, ఐదు ఊళ్లలో ట్రైనింగ్ అకాడమీలు కూడా, అందులో హైదరాబాద్ ఒకటి. కొత్తవాళ్లకి నేర్పే చోటు మూసేసి గొంతులు బాలేవు, ఉచ్చారణ బాలేదు అంటే ఎలా? మాకు దగ్గర్లో ఉన్న కేంద్రంలో స్థానిక కార్యక్రమాలు ఒక్కొక్కటీ తగ్గిపోయాయి, రైతుల కార్యక్రమం పెట్టే టైముకి ఎక్కడిదో రిలే వస్తుంది, ఎందుకని ఉత్తరం రాస్తే జవాబు లేదు, ఫోన్ చేస్తే డ్యూటీ రూమ్‌కి ఇస్తామంటారు, అక్కడ ఎవరూ ఎత్తరు. ఒకప్పుడు జాబులు జవాబులు అని వాళ్లే కార్యక్రమం పెట్టి మరీ మన ఉత్తరాలకి జవాబు చెప్పేవాళ్లు. పాత టేపుల మాట అడగొద్దు, కొత్త టేపు కొనడానికి శాంక్షన్ రాక పాతదాని మీదే చెరిపి రికార్డు చేసిన రోజులున్నాయి. ఎన్ని మంచి గొంతులు అలా పోయాయో. రేడియోకి లైసెన్సు ఫీజు కట్టమంటే పోస్టాఫీసులో లైన్లో నిలబడి కట్టి పుస్తకం మీద స్టాంపు వేయించుకున్న జనం అండీ మేము, అడిగే హక్కు ఉందనుకుంటున్నా.

అడిగితే ప్రైవేటు ఛానళ్లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికి ఆరుగురు ఒకేసారి అరుస్తారు, ఎవరేమన్నారో వాళ్లకే తెలీదు. కింద స్క్రోలింగ్‌లో ఒత్తులు ఉండవు, దీర్ఘాలు ఉండవు. మీ పేపర్ కూడా తక్కువేం తినలేదు, ఆ వ్యాసంలోనే ప్రసారం అన్న మాట రెండు చోట్ల "ప్రాసారం" అని పడింది, ప్రూఫ్ చూసేవాళ్లని కూడా ఖర్చు కింద తీసేశారేమో.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఆ చివరి పేరాకి సవరణ వేయండి, మొదటి పేజీలో అక్కర్లేదు, లోపల పేజీలో చాలు. రెండు రాష్ట్రాలకి కలిపి లోక్‌సభలోనే 42 మంది ఎంపీలున్నారు, మీ విలేకరులకి వాళ్లు రోజూ కనిపిస్తారు కాబట్టి ఆ 22 మంది కమిటీ ఏదని వాళ్లలో ఒక్కరినైనా అడిగించండి, ఏం చెప్తారో అదే వేయండి. ఈ ఉత్తరం పెద్దదైందని కోస్తారని తెలుసు. కోసుకోండి, నా తిట్లు తీసేసినా పర్లేదు, ఉపేంద్ర గారి పేరున్న పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు
మీ పాత పాఠకుడు, తెనాలి