కార్యదర్శి వార్షిక నివేదిక: గత ఉగాది నుండి ఈ ఉగాది వరకు

స్కాట్లండ్‌లోని మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పండుగలు ఎప్పటిలాగే కళకళలాడాయి. పిల్లల తెలుగు తరగతులు ఏడాది పొడవునా ఆగకుండా నడిచాయి; పాఠాలు చెప్పిన తల్లిదండ్రులకు సంఘం రుణపడి ఉంది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపుతారు. నేను తీరిగ్గా చెప్పదలచింది వేసవిలో మనం చేసిన అక్నాకారీ యాత్ర గురించి.

స్పీన్ బ్రిడ్జి స్టేషనుకు 7 మైళ్ల దూరంలో ఉన్న అక్నాకారీ భవనం స్కాట్లండ్ కొండసీమకు చెందిన కామెరాన్ వంశ పెద్దల ఇల్లు. బ్రిటన్ సింహాసనం కోసం తిరుగుబాటు చేసిన యువరాజు చార్లెస్ పక్షాన వారు పోరాడారు; 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఆ పక్షం ఓడిన తర్వాత ప్రభుత్వ సేనలు వారి పాత ఇంటిని తగలబెట్టాయి. ఇప్పుడున్నది 1802లో మొదలుపెట్టి కట్టినది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అది కమాండోల (మెరుపుదాడులు చేసే ప్రత్యేక సైనికుల) శిక్షణ కేంద్రమైంది. పచ్చిక మీద రేకుల గుడిసెలు లేచాయి. రైలు దిగిన కుర్రవాళ్లు అక్కడిదాకా నడిచే వచ్చేవారు. రాగానే కంటబడేవి ఉత్తుత్తి సమాధులు. ఏ పొరపాటు ఆ సైనికుడి ప్రాణం తీసిందో ఒక్కొక్కదాని మీద రాసి ఉండేది. నిజమైన తూటాలు దూసుకుపోతుండగా పడవ దిగి ఒడ్డెక్కాలి. అన్నిటిలో నెగ్గినవారికే ఆకుపచ్చ టోపీ. అమెరికన్, ఫ్రెంచి, నార్వే సైనికులూ ఇక్కడ తర్ఫీదు పొందారు. యుద్ధకాలంలోనే మంటలు లేచి ఇల్లు మరోసారి దెబ్బతిన్నది.

ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే కాపురముంటోంది కాబట్టి మనం లోపలికి వెళ్లలేదు. కొందరు నిరాశపడ్డారు గాని, నాకు అదే నచ్చింది. పక్కనున్న చిన్న మ్యూజియం, ఆర్కైగ్ ఏటి ఒడ్డున ఉన్న బీచ్ చెట్లు మన రోజును నింపేశాయి. 1745లో ఇంటి పెద్ద లొకీల్ మొక్కలు నాటిస్తుండగా ఆ యువరాజు చార్లెస్ స్కాట్లండ్ ఒడ్డున దిగాడని కబురు వచ్చిందట. మొక్కలను ఏటిగట్టున దగ్గర దగ్గరగా పాతించి ఆయన యుద్ధానికి వెళ్లాడు. ఓడి, గాయపడి, ఫ్రాన్సు చేరి 1748లో అక్కడే కన్నుమూశాడు. ఆ మొక్కలను తీసి ఎడంగా నాటేవారే లేకపోయారు. "నాట్లు పడక మడిలోనే ముదిరిన నారు" అన్నారు గోదావరి జిల్లా నుండి వచ్చిన ఒక పెద్దాయన. ఆ చెట్ల కింద చాలాసేపు ఎవరమూ మాట్లాడుకోలేదు.

1945 జనవరిలో బర్మాలోని కంగావ్ వద్ద కమాండోలతో పాటు పోరాడిన భారతీయ దళాలలో తర్వాత భారత సైన్యాధిపతి అయిన తిమ్మయ్య నాయకత్వంలోని హైదరాబాద్ రెజిమెంటు బెటాలియను ఒకటి. దాని సైనికులు ఎక్కువమంది ఉత్తరాదివారే అయినా, హైదరాబాద్ పేరు వినగానే బస్సులో అందరూ చెవులు రిక్కించారు. ఆ వెంటనే ఒక సభ్యురాలు, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక తన అమ్మమ్మ వాళ్లు ఇంటికి తాళం వేసి పల్లెకు వెళ్లిపోయిన సంగతి చెప్పారు. మరో ముగ్గురు తమ ఇళ్ల కథలు అందుకున్నారు.

అలాంటి కథలను పెద్దల గొంతుతోనే రికార్డు చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. మీ ఇంటి పాత ఫొటోలు, ఉత్తరాలు ఉంటే సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. నకలు తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.