ఆ వంపును అరచేత్తో తడిమి చూసిన మేస్త్రిగారికి

రాత్రి పదకొండు దాటింది. తెల్లవారుజామున నాలుగింటి నుంచి నిలబడే ఉన్నాను, కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా రాయకుండా పడుకోలేను. రేపటికి వాయిదా వేస్తే ఈ మాటలు ఇలా రావు.

ఈరోజు ఉదయం ఆరు గంటలకు మా పార్కు మూలన కట్టిన స్కేట్ పార్కులోకి, అంటే చక్రాల బోర్డుల మీద ఆడుకునే కాంక్రీటు మైదానంలోకి, పిల్లలు దిగారు. విజయవాడలో మా పిల్లలు ఇన్నాళ్ళూ ఎక్కడ ఆడారో మీ అందరికీ తెలుసు. అపార్టుమెంటు సెల్లార్లలో, వాచ్‌మన్ కేకల మధ్య. 2016 కృష్ణా పుష్కరాలకు వెడల్పు చేసిన ఘాట్ల మీద, స్నానాలకు జనం రాకముందు. సందులో ఆటో వస్తోందేమోనని ఒకరు కాపలా కాస్తుంటే మిగతావాళ్ళు. మా అమ్మాయి గడ్డం మీద రెండు కుట్లు పడింది కూడా అలాంటి సందులోనే.

ముందుగా నగరపాలక కౌన్సిల్‌కు మనసారా కృతజ్ఞతలు. మేము అర్జీ పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సగం ఊరు నీట మునిగిన తరువాత, కొద్ది నెలలకే. జనం ఇంకా బురద పట్టిన మంచాలు, ఫ్రిజ్‌లు బాగుచేయించుకుంటున్నారు. ఆ సమయంలో స్కేట్ పార్కు అడగడానికి నాకే నోరు రాలేదు. ‘ఇప్పుడు ఇదొక్కటే తక్కువా’ అని ఎవరైనా అని ఉంటే తలవంచుకుని వచ్చేసేదాన్ని. ఎవరూ అనలేదు. మా డివిజన్ కార్పొరేటర్‌గారు కాగితాలన్నీ చదివారు. టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి పెట్టినప్పుడు మహిళల స్ట్రీట్ విభాగంలో (వీధిలో ఉండేలాంటి మెట్లు, కడ్డీల మీద ఆడే పోటీ) బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియాకు పదమూడేళ్ళేనని రాశాం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన రోలర్ స్కేటింగ్ జట్లు, పురుషులూ మహిళలూ, 3,000 మీటర్ల రిలేలో కాంస్యాలు తెచ్చాయని రాశాం. వాటికంటే కార్పొరేటర్‌గారిని ఎక్కువగా ఆగి చదివించిన విషయం జన్వార్ ఊరు. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో అదొక పల్లె. 2015లో అక్కడ స్కేట్ పార్కు కట్టి, బడికి రాని పిల్లలకు బోర్డు ఇవ్వకూడదని, ఆడపిల్లలకే ముందు ఇవ్వాలని నియమం పెట్టారు. ఆమె కళ్ళజోడు తీసి, ‘పల్లెలో ఉన్నది మనకు ఎందుకు ఉండకూడదు?’ అన్నారు. కౌన్సిల్ సమావేశంలో అది దాదాపు చివరి అంశం. పార్కులో పిచ్చిమొక్కలు పెరిగిన మూల మాకు దక్కింది.

కానీ నేను రాయాలని కూర్చున్నది ఒక తాపీమేస్త్రి గురించి. పేరు రాయవద్దన్నారు, రాయను.

ఆయన్ను మొదటిసారి చూసింది మే మూడో వారంలో. గుత్తేదారు మనుషులకు రోడ్లు, కాలువలు కట్టడం వచ్చు, వంపు తిరిగిన ర్యాంపు ఎప్పుడూ పోయలేదు. మేస్త్రిగారు నమూనా చాలాసేపు చూశారు. తరువాత మా అమ్మాయి బోర్డు అడిగి తీసుకుని తిరగేసి, చక్రాన్ని వేలితో గిర్రున తిప్పారు. ‘ఇంత చిన్న చక్రమా!’ అన్నారు. అవును, యాభై మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. దాని కింద గులకరాయి పడినా, పలకకూ పలకకూ మధ్య అతుకు కాస్త లేచినా బోర్డు అక్కడే ఆగిపోతుంది, పిల్ల ముందుకు ఎగిరిపడుతుంది. ‘ఎక్కడెక్కడ పడ్డావమ్మా?’ అని అడిగారు. అది మోకాళ్ళు, మోచేతులు, గడ్డం చూపించింది. ఆయన ఇంకేమీ అడగలేదు.

మర్నాడు ఆరు అడుగుల తాడుకు సుద్దముక్క కట్టి నేల మీద వంపు గీశారు. దాని ప్రకారం చెక్కపలకలు కోయించి, అచ్చులు చేసుకున్నారు. ఎండ ఎక్కకముందే పని తెమలాలని రాత్రి రెండింటికి కాంక్రీటు మొదలుపెట్టించారు. పోయడం అయిపోయాక అసలు పని. ఊరికే కూర్చుని, మధ్యమధ్య బొటనవేలితో నొక్కి చూసేవారు. గుంట పడితే ఇంకా పచ్చిది. గుంట పడకుండా వేలిముద్ర మాత్రమే పడితే అప్పుడు తాపీ పెట్టాలట. ఆ కాసేపు దాటితే ఇక నునుపు రాదు. ఏటవాలుకు అడ్డంగా పలక వేసుకుని, దాని మీద మోకాళ్ళూని పైనుంచి కిందికి తాపీ తిప్పుతూ వచ్చారు. ఎండ వచ్చేసరికి ఆ వంపు తడిసిన నల్లరాయిలా మెరిసింది. అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక చివర నుంచి రెండో చివర దాకా తడిమారు. మధ్యలో ఒకచోట చేయి ఆగింది. నాకేమీ కనిపించలేదు. అక్కడ మళ్ళీ తాపీ పెట్టారు.

అంతటితో ఆయన పని అయిపోయింది. నీళ్ళు పట్టడం వేరేవాళ్ళ బాధ్యత, రోజుకు రెండుసార్లు ట్యాంకరు వస్తుందని చెప్పారు. రెండు రోజులు వచ్చింది, ఆపైన రాలేదు. మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మనసు ఆగక ఆఫీసు నుంచి అటు వెళ్ళాను. కాంక్రీటు మీద కప్పిన గోనె సంచులు ఎండి అట్టలు కట్టి ఉంటాయనుకున్నాను. తడిగా ఉన్నాయి. పార్కు కుళాయి దగ్గర మేస్త్రిగారు రెండు ప్లాస్టిక్ బిందెలు నింపుతున్నారు.

‘మిమ్మల్ని ఎవరు రమ్మన్నారండీ?’ అని అడిగాను.

‘ఎవరూ రమ్మనలేదమ్మా. రోళ్ళు పగిలే రోహిణి కార్తె. పచ్చి కాంక్రీటు ఆగుతుందా? పగుళ్ళు వస్తే ఆ బుల్లి చక్రం ఇరుక్కుంటుంది. పాపకు గడ్డం మీద ఇప్పటికే రెండు కుట్లు ఉన్నాయి కదా.’

ఆయన వేరేచోట పనికి కుదిరారు. అన్నం వేళ దొరికే గంటలో సైకిలు తొక్కుకుంటూ వస్తున్నారు. నా కూతురి కుట్లు లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నారు. నేను అక్కడే సిమెంటు గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. ఎనిమిది నెలలు తిరిగిన కాలంలో ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆయన కంగారుపడి, ‘ఎండలో కూర్చోకండమ్మా’ అంటూ తన క్యారియరు పక్కకు జరిపి, నీడలో నాకు చోటు ఇచ్చారు. ఆ రోజే తెలిసింది, వాళ్ళ ఇల్లు సింగ్‌నగర్‌లో అని. వరదలో ఇంట్లో నడుము దాకా నీళ్ళు, పనిముట్లన్నీ పోయాయి. ఆ తాపీ తరువాత కొనుక్కున్నదే. పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది.

పది రోజులు వచ్చారు. మరుసటి రోజు నుంచి మేము కూడా వంతులు వేసుకున్నాం. ఒక్క పగులు కూడా రాలేదు.

ఇప్పుడు రాయక తప్పనిది ఒకటి. ఆయన కూలి ఇంకా పూర్తిగా అందలేదు. ఈ సంగతి ఆయన చెప్పలేదు, ఆయనతో పనిచేసిన కుర్రాడు ఈ ఉదయమే చెప్పాడు. బిల్లు ఒక కార్యాలయంలో ఉందట. పేరు ఎందుకులెండి. మొదట్లో మా అంచనా కాగితాన్ని కూడా వంపు పనికి ధర ఏ పద్దు కింద చూపాలో తెలియదని మూడుసార్లు తిప్పి పంపారు. మూడుసార్లూ కొత్త సంతకాలు, కొత్త జిరాక్సులు. మేము ఉద్యోగాలున్నవాళ్ళం, సెలవు పెట్టి తిరిగాం. రోజుకూలీ ఎవరి దగ్గరకు తిరుగుతాడు? ప్రారంభానికి పూలదండలు సమయానికి వచ్చాయి, కుర్చీలు వచ్చాయి, షామియానా వచ్చింది. కాంక్రీటును చేత్తో నునుపు చేసిన మనిషి డబ్బు మాత్రం ఇంకా ఏదో బల్ల మీద ఉంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలనేవారు మా తాతగారు. సోమవారం మేము పదిమందిమి వెళ్ళి అడుగుతాం. వీలున్నవాళ్ళు రండి.

ఈరోజు ఆయన వచ్చారు. షామియానా కిందికి రమ్మంటే రాలేదు, కంచె దగ్గరే నిలబడ్డారు. ఉపన్యాసాలు అయిపోయి జనం పలచబడ్డాక మా అమ్మాయి వెళ్ళి చేయి పట్టుకుని లాక్కొచ్చింది. కాంక్రీటు మీద అడుగు పెట్టేముందు చెప్పులు విడిచారు. మా అమ్మాయి బోర్డు మీద పైనుంచి దిగి, అవతలి ర్యాంపు ఎక్కి, మళ్ళీ వెనక్కు వచ్చింది. ఆయన బోర్డు వైపు చూడలేదు. చక్రం చప్పుడు విన్నారు. ‘ఎక్కడా తట్టలేదు’ అన్నారు.

మా వారికి, అత్తయ్యకు, ఇంటిపని మొత్తం చూసుకున్న మా ఆడపడుచుకు థాంక్స్. వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా ఎవరిని మరిచిపోయాను? ర్యాంపు అంచున ఇనుప గొట్టం వంచి ఇచ్చిన ఆటోనగర్ వెల్డింగ్ షాపు అన్నయ్య, అతుకు రుద్దిన డబ్బులు వద్దన్నారు. గాంధీనగర్‌లో అర్జీలు టైపు చేసి, తప్పులు కూడా దిద్దిన అక్క. వాన నీరు నిలవకుండా నేలకు ఎంత వాలు ఉండాలో లెక్కకట్టిన పాలిటెక్నిక్ మాస్టారు. కాంక్రీటు పోసిన రాత్రి టీ ఫ్లాస్కులు పంపిన కొట్టు బాబాయి. నిద్ర చెడినా గొడవ చేయని పార్కు పక్క ఇళ్ళవాళ్ళు. మోకాలి కవచాలు ఇచ్చిన పెద్దపిల్లలు.

ఆఁ, గోనె సంచులు! మార్కెట్ బియ్యం కొట్టు ఆయన అడగగానే నలభై ఇచ్చారు, ఎప్పుడు తిరిగిస్తారని కూడా అడగలేదు. అన్నీ ఉతికి మా మేడ మీద ఆరేశాం. ముప్పై ఎనిమిదే ఉన్నాయి. మిగతా రెండు ఎవరింట్లో ఉన్నాయో చూసి చెప్పండి, ఆదివారం తీసుకెళ్ళి ఇవ్వాలి.