మూడో నెల జాగ్రత్త

కందుకూరు

చిరంజీవి మధుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి షుగరు అదుపులోనే ఉంది. సుబ్బమ్మత్త కోడలు నీ మోకాలి ఆపరేషన్ సంగతి అడిగితే బాగుందనే చెప్పాను. పోయిన నెల నువ్వు చెప్పిన మాట అదే, ఆ తరువాత నువ్వు ఏ మాటా చెప్పలేదు. ఆవిడ తమ్ముడు మాత్రం నిన్ను హైదరాబాదులో షటిల్ కోర్టు దగ్గర చూశాడట, చేతిలో బ్యాటు కూడా ఉందట. ఆ అబ్బాయి కళ్లద్దాలు మార్చుకోవలసి ఉందేమో, నేను నమ్మలేదు.

నమ్మలేదు గానీ, నా మోకాళ్ల కోసం వెళ్లినప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయిని ఊరికే అడిగాను. తొడ వెనక నుంచి తీసి, మోకాలిలో ఎముకలను కలిపి పట్టే లిగమెంటు స్థానంలో బిగించిన స్నాయువులోకి (కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటిదట) కొత్త రక్తనాళాలు అల్లుకొనే క్రమంలో, సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అది ఆపరేషన్ నాటి కంటే బలహీనంగా ఉంటుందని, సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తీసి, నొప్పి పోయి, మనిషికి అంతా నయమైనట్లు తోస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. నీకిప్పుడు నడుస్తున్నది ఆ కాలమే. తొమ్మిది నెలలైనా నిండకుండా, ఈ కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతానికైనా రాకుండా గెంతే ఆటల జోలికి పోకూడదట.

పెంచలయ్య బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. పొగాకు బేళ్లు దించుతూ ట్రాక్టరు మీది నుంచి పడి, మోకాలి కింద ఎముక విరిగింది. పిండికట్టు విప్పిన రోజే డాక్టరుగారు కాలు చాపడం, మడవడం రోజూ చేయాలని మరీ మరీ చెప్పారు. బాబాయి ఒకసారి మడిచి, కేక పెట్టి, మానేశారు. పిన్ని జాలిపడి మోకాలి కింద దిండు పెట్టింది, మీ నాయనమ్మ మరో దిండు పెట్టింది. ఆ హాయిలో కాలు వంగినచోటనే బిగుసుకుపోయింది. ఇప్పటికీ ఎక్స్‌రే తీస్తే ఎముక అతుకు కనిపించనంత చక్కగా ఉంటుంది, ఆయన మాత్రం పెళ్లిలో అందరూ పంక్తిలో కూర్చొంటే పక్కన కుర్చీ వేయించుకొని, విస్తరిని ఒళ్లో పెట్టుకొని తింటారు. ఆయనది భయం, నీది తొందర. వ్యాయామం మానడంలో ఇద్దరూ ఒకటే.

మానావని నేను అనడం లేదు. గోడకు ఆనుకొని సగం కూర్చోవడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం వంటివి నీకు చెప్పే ఉంటారు. ఆఫీసులో పని ఎక్కువైందని వాటిని ఆదివారానికి దాచిపెడితే తొడ కండరం కరిగిపోకుండా ఆదివారం దాకా ఆగదు. మాలకొండ మొక్కు తీర్చడానికి వస్తానని నాన్నగారితో అన్నావట. స్వామివారి గుడి తెరిచేది శనివారమే, ఆ తోపులాటలో నీ కాలికి ఏ పిల్లవాడు అడ్డం పడినా చాలు. మొక్కు నాది, స్వామికి తొందర లేదు.

ఆవకాయ, జంతికలు బస్సులో పంపుతున్నాను. పెట్టె బరువుగా ఉంటుంది, మీది రెండో అంతస్తు. కనుక ప్రసాదును పంపు, నువ్వు వెళ్లవద్దు. జంతికల మీద నా కుట్టుపని టేపు పెట్టాను. మోకాటిచిప్పకు జానెడు పైన రెండు తొడల చుట్టుకొలతా తీసి, రెండు అంకెలూ నాకు రాయి. బాగుంది అని రాస్తే కుదరదు.

ఇట్లు,
అమ్మ