వారానికో ఆలోచన

నాన్నా,

ప్యాకెట్ తిండి తగ్గించాలని, వారానికి సరిపడా వంటల పట్టిక రాసి పంపమన్నావు. ప్రతి పూటకీ ఒక వంట పేరు రాసి పంపడం నాకు కష్టం కాదు. కానీ ఆ కాగితం మంగళవారం దాకా కూడా నిలవదు. ఆ రోజు నీకు ఆఫీసులో ఆలస్యమవుతుంది, లేకపోతే పాపకి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఒక పూట తప్పితే ఇక పట్టిక మొహం చూడబుద్ధి కాదు. అందుకని వంటల పేర్లు కాకుండా, పని ఎలా సర్దుకోవాలో రాస్తున్నాను.

మంచి తిండి ఏదో తెలియక మీరు ప్యాకెట్లు చింపడం లేదు. సాయంత్రం ఇద్దరూ అలసిపోయి వస్తారు, పిల్లలు ఆకలని పేచీ పెడుతుంటారు, ఏం వండాలో ఆలోచించడం అప్పుడు మొదలవుతుంది. ఆకలి రుచెరగదు కదా, ఆ వేళ చేతికి ఏది అందితే అదే భోజనం. ఆ ఆలోచన సెలవు రోజు పొద్దున్నే అయిపోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దాని వివరం.

కూరగాయలకి వెళ్ళేముందు ఫ్రిజ్ తెరిచి ఏం మిగిలాయో చూడు. తెచ్చినవాటిలో ఆకుకూరలు, మెత్తటి పళ్ళు మొదటి రెండు మూడు రోజులకి. బీన్స్, వంకాయల్లాంటివి వారం మధ్యకి. క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి, దుంపలు చివరికి ఆగుతాయి. ఆకుకూర తడి మీద లోపల పెడితే మర్నాటికే కుళ్ళుతుంది. ఏరి, పొడిగుడ్డలో చుట్టి ఉంచి, వండే ముందు కడుగు. ఏ కూరైనా కడిగాకే తరగాలి. తరిగిన ముక్కల్ని నీళ్ళలో నానబెడితే సి విటమిన్ ఆ నీళ్ళతోనే పోతుంది.

ఇక గింజలు. వారంలో రెండు రాత్రులు నానబెట్టడానికని ఖాయం చేసుకో. రెండు నిమిషాల పని, మర్నాడు సగం వంట అయిపోయినట్టే. గింజల్లో ఫైటేట్లని ఉంటాయి, అవి ఇనుముని, జింకుని ఒంటికి పట్టనివ్వవు. నానితే అవి కొంత తగ్గి, ఇనుము, జింకు ఒంటికి బాగా పడతాయి. పక్కన నిమ్మరసమో టమాటాయో ఉంటే ఇనుము ఇంకా బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే అంతా తారుమారే. రాజ్మా విషయంలో మాత్రం జాగ్రత్త. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట తెర్లనివ్వాలి. సన్నసెగ మీద సగం ఉడికితే అందులోని విషపదార్థం పోదు, పచ్చిగింజల కంటే ఎక్కువయ్యే ప్రమాదం కూడా ఉంది.

ముందే వండి పెట్టుకోవడం మంచిదే, కానీ అన్నం దగ్గర భయం ఉండాలి. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో అవి పెరిగి విషం చేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. వండినది 2 గంటల లోపు, వెడల్పాటి గిన్నెలో చల్లార్చి, 5 డిగ్రీల లోపు ఉన్న ఫ్రిజ్‌లో పెట్టెయ్.

ప్యాకెట్లన్నీ చెడ్డవని నేననను. ఫ్రీజర్‌లోని బఠాణీలు నిక్షేపంలా వాడుకో. అట్ట ముందు 'సహజం' అని రాస్తే నమ్మకు, వెనక పదార్థాల జాబితా చదువు. ఎక్కువ బరువున్నది మొదట ఉంటుంది. వంటింట్లో ఎప్పుడూ వినని పేర్లే బారుగా ఉంటే పక్కన పెట్టెయ్. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 20 మందికి రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూసింది. రెండిట్లోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగానే వడ్డించారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్నన్నాళ్ళూ వాళ్ళు రోజుకి సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. పెద్దవాళ్ళకే చెయ్యి ఆగకపోతే పిల్లల్ని ఏమంటాం?

పిల్లలు కూర వద్దంటే కొసరి కొసరి నోట్లో కుక్కొద్దు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నీ ఇష్టం, ఎంత తినాలో వాళ్ళ ఇష్టం. కొత్త రుచి అలవాటవడానికి పదిసార్ల పైన కూడా పట్టొచ్చు, రెండోసారికే 'వాడికి నచ్చదు' అని ముద్ర వెయ్యకు. చంటిదానికి ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, ఎవరు చెప్పినా సరే. తేనె వల్ల రాగల బొటులిజం అనే జబ్బు పసివాళ్ళకి ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నీ ఒకేసారి మార్చకు. ఈ వారం నానబెట్టే రాత్రులు, వచ్చే వారం కూరల వరుస. కోడలికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించి, ఏ పని ఎవరిదో అప్పుడే అనుకోండి. గిన్నెలు తోమే పని కూడా ఆ లెక్కలో వెయ్యి. ఏ రోజు ఎక్కడ చిక్కు పడుతోందో నాకు రాయి, దాన్నిబట్టి సర్దుదాం.

పిల్లలకి ముద్దులు.

ఆశీస్సులతో,
అమ్మ